పాలిమర్ ఫిల్మ్ పోసే ముందు చూసుకోవాల్సినవి

పాలిమర్‌ని సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) కరిగించి, ఆ ద్రావణాన్ని డిష్‌లో పోసి ఆరబెడితే పల్చటి ఫిల్మ్ వస్తుంది.

- సాల్వెంట్ సేఫ్టీ షీట్ ముందే చదవండి. క్లోరోఫామ్ 61 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది, నైట్రైల్ గ్లవ్స్‌లోంచి చాలా త్వరగా లోపలికి దిగుతుంది. చుక్క పడినా గ్లవ్స్ మార్చేయండి. పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడు).

- క్లోరోఫామ్, టొలీన్ వాడితే గాజు పెట్రీ డిష్ తప్పనిసరి. ప్లాస్టిక్ డిష్‌లు ఎక్కువగా పాలిస్టైరీన్‌వి. డిషే కరిగి ఫిల్మ్‌లో కలుస్తుంది.

- పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, నీళ్లలో కరిగే పాలిమర్) దగ్గర ఓపిక కావాలి. చల్లటి నీళ్లు తిరుగుతుండగా పొడిని కొద్దికొద్దిగా చల్లండి, అది బాగా విడిపోయాకే 80–90 డిగ్రీలకు వేడి చేయండి. వేడి నీళ్లలో ఒకేసారి పోస్తే ఉండ కడుతుంది. దాన్ని చిదిమి చూడండి: పైన జిగురు పొర, లోపల పొడి పొడిగానే ఉంటుంది. గంటలు తిప్పినా సరిగా కరగదు.

- ద్రావణం కలిపే గాజు గిన్నెకు మూత ఉందా? లేకపోతే సాల్వెంట్ ఆవిరై గాఢత మారిపోతుంది.

- స్టిర్రర్ వేగం పెంచితే బుడగలు వస్తాయి. అవి పోయేదాకా ద్రావణాన్ని కదపకండి.

- డిష్ పెట్టే చోటు స్పిరిట్ లెవెల్‌తో సరిచూడండి. చాలామంది వదిలేసేది ఇదే, ఫిల్మ్ మందం పాడయ్యేదీ ఇక్కడే.

- క్లోరోఫామ్ వేస్ట్‌లో అసిటోన్ పోయకండి. క్షారం తగిలితే ఆ రెండూ తీవ్రంగా చర్య జరుపుతాయి.