పాత గాజు కొనేముందు తిరగేసి చూడండి

చెన్నైలో శుక్రవారం పల్లావరం సంతకు వెళ్లే మనవాళ్లకు ఒక మాట. పాత గాజు గిన్నెలు, ఫ్లవర్ వాజులు కనబడగానే రంగు చూసి మురిసిపోకండి. తిరగేసి అడుగు భాగం చూడండి. ఏళ్ల తరబడి బల్లల మీద, అల్మారాల్లో జరిగిన గాజుకు అడుగు అంచున సన్నని గీతలు అన్ని వైపులా అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. అన్నీ ఒకే దిక్కున ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమో అని అనుమానించాల్సిందే.

పర్సులో చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ ఉంచుకోండి. పోయిన నెల ఒక లేత పసుపుపచ్చ గిన్నె మీద కొంగు చాటు చేసి టార్చ్ వేశాను. గిన్నె మొత్తం చిలకపచ్చగా వెలిగింది! యురేనియం కలిపిన గాజన్నమాట. అయితే అలాంటి గాజు ఇప్పటికీ తయారవుతోంది కాబట్టి వెలుగు ఒక్కటే చూసి పాతదనుకోకూడదు. మళ్లీ అడుగే చూడాలి.

‘చెకోస్లొవేకియా’ అని ముద్ర ఉన్న వస్తువును 1900 నాటిదని చెబితే నమ్మకండి, ఆ దేశం ఏర్పడిందే 1918లో.

అమ్మేవాళ్లయితే అంచు చుట్టూ గోరు తిప్పి చూసుకోండి. కంటికి కనబడని పెచ్చు కూడా గోటికి తగులుతుంది. దాన్ని దాచకుండా దగ్గరగా ఫోటో తీసి ముందే చూపించండి. బంగారు పూత ఉన్నవాటిని మాత్రం పీచుతో తోమొద్దు, పూత లేచిపోతుంది.