మెయిల్ సర్వర్ డిస్క్ నిండిపోతోందా? మెయిల్స్ డిలీట్ చేయించే ముందు లాగ్స్ ఫోల్డర్ తెరవండి

గుంటూరు, విజయవాడల్లో ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) ఆఫీసులోనే పెట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచి మిర్చి సీజన్ మొదలైతే చాలు ఒకటే రకం ఫోన్లు, "అండీ డిస్క్ ఫుల్, మెయిల్స్ ఆగిపోయినయ్, స్టాఫ్ అందరి చేతా పాతవి డిలీట్ చేయించాం, అయినా ఒక్క జీబీ తగ్గలా". లాట్ ఫోటోలు, ల్యాబ్ రిపోర్టులు, బయ్యర్‌కి పంపే పీడీఎఫ్‌లు అన్నీ మెయిల్లోనే తిరుగుతాయి కాబట్టి సైజు పెరగడంలో వింతేం లేదు. కానీ డిలీట్ చేయించే ముందు అసలు పెరిగింది ఏంటో చూడరే! ఈడీబీ ఫైలా (మెయిల్స్ అన్నీ ఉండే డేటాబేస్ ఫైల్), లాగ్స్ ఫోల్డరా (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పూ ముందు రాసుకునే చోటు), సీ డ్రైవా? మూడింటి సైజు చూడ్డానికి రెండు నిమిషాలు పట్టదు, అది చూడకుండా అకౌంట్స్ వాళ్ళ పాత మెయిల్స్ తీయించేస్తే రేపు ఆడిట్‌లో ఇబ్బంది పడేది వాళ్ళు.

సమస్య: మెయిల్స్ తీసేశాం, ఈడీబీ ఫైల్ సైజు అంతే ఉంది

అది తగ్గదు, తగ్గేలా చేసింది కూడా కాదు. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తేశారని గోడౌన్ చిన్నదవదు కదా, తర్వాత వచ్చే సరుకు అక్కడే పడుద్ది, ఇదీ అంతే, ఖాళీ అయిన చోటు ఫైల్ లోపలే వైట్ స్పేస్‌గా ఉండి కొత్త మెయిల్స్‌కి వాడుకుంటుంది. అది కూడా వెంటనే రాదు, డిలీట్ చేసిన ఐటమ్స్‌ని డీఫాల్ట్‌గా 14 రోజులు, తీసేసిన మెయిల్‌బాక్స్‌ని 30 రోజులు దాచి ఉంచుతుంది. ఎక్స్ఛేంజ్ మేనేజ్‌మెంట్ షెల్‌లో గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్ కమాండ్‌ని స్టేటస్ స్విచ్‌తో రన్ చేసి అవైలబుల్-న్యూ-మెయిల్‌బాక్స్-స్పేస్ చూడండి, అక్కడ బోలెడు కనిపిస్తే ఫైల్‌ని అలా వదిలేయండి.

డిస్క్‌లో చోటు నిజంగా కావాలంటే ఈఎస్ఈయుటిల్‌ అనే టూల్‌తో ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ (డేటాబేస్ ఆపి ఫైల్‌ని కుదించడం) జోలికి పోవద్దు, దానికి డేటాబేస్ సైజుకి 110 శాతం ఖాళీ చోటు కావాలి, అది అయ్యేదాకా ఆ డేటాబేస్‌లో ఉన్న ఎవరికీ మెయిల్ ఉండదు. ఇంకో డిస్క్ మీద కొత్త డేటాబేస్ పెట్టి మెయిల్‌బాక్సులు కొన్ని కొన్నిగా దానిలోకి మూవ్ చేయండి, మధ్యలో బ్యాకప్ తీస్తూ ఉండాలి ఎందుకంటే మూవ్ చేసిన డేటాకి తగ్గట్టే లాగ్స్ కూడా పుడతాయి. ఎక్స్ఛేంజ్ తన పనికి పెట్టుకునే ఆర్బిట్రేషన్, ఆడిట్‌లాగ్ మెయిల్‌బాక్సులు కూడా మూవ్ చేస్తేనే పాత డేటాబేస్‌ని రిమూవ్ చేయనిస్తుంది, చేశాక కూడా ఈడీబీ ఫైల్ డిస్క్ మీదే ఉంటుంది, దాన్ని మీరే చేత్తో తీసేయాలి.

సమస్య: లాగ్స్ ఫోల్డర్ రోజురోజుకీ పెరుగుతోంది, బ్యాకప్ మాత్రం సక్సెస్ అని వస్తోంది

ఇది అందర్నీ ఏడిపించేది. ఫోల్డర్ తెరిస్తే ఈ00 తో మొదలయ్యే ఫైల్స్, ఒక్కోటి సరిగ్గా 1 ఎంబీ, వేలకి వేలు. ఇవి వాటంతటవి పోవు, ఎక్స్ఛేంజ్‌కి అర్థమయ్యే ఫుల్ బ్యాకప్ గానీ ఇంక్రిమెంటల్ గానీ పూర్తయ్యాకే పోతాయి. బ్యాకప్ రిపోర్ట్‌లో ఆకుపచ్చ టిక్ చూసి అందరూ "బ్యాకప్ బానే ఉంది" అంటారు, ఆ టిక్ చెప్పేది ఫైల్స్ కాపీ అయ్యాయని మాత్రమే, లాగ్స్ తీసేయమని ఎక్స్ఛేంజ్‌కి ఎవరూ చెప్పలేదు. విండోస్ సర్వర్ బ్యాకప్‌లో వీఎస్ఎస్ (విండోస్ స్నాప్‌షాట్ సర్వీస్) సెట్టింగ్ డీఫాల్ట్‌గా కాపీ బ్యాకప్ మీద ఉంటుంది, దాన్ని వీఎస్ఎస్ ఫుల్ బ్యాకప్‌కి మార్చాలి. వీఎం మొత్తాన్ని తీసే బ్యాకప్ అయితే అప్లికేషన్-అవేర్ ఆప్షన్ ఆన్‌లో ఉందా, కాపీ ఓన్లీ టిక్ పొరపాటున పెట్టి ఉందా చూడండి.

నిర్ధారణ కోసం ముందుగా అదే గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్‌లో లాస్ట్-ఫుల్-బ్యాకప్ తేదీ చూడండి, ఖాళీగా ఉన్నా నెలల కిందటిది ఉన్నా దొంగ దొరికినట్టే. తర్వాత లాగ్స్ ఫోల్డర్‌ని తేదీ ప్రకారం సార్ట్ చేసి అన్నిటికన్నా పాత ఫైల్ తేదీ చూడండి, ఆ రోజుల్లో ఏం మారిందో అడగండి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మార్చారా, లైసెన్స్ అయిపోయిందా, సర్వర్‌ని కొత్త హోస్ట్‌కి మార్చారా? కారణం చాలాసార్లు అక్కడే బయటపడుద్ది. వీఎస్ఎస్అడ్మిన్ లిస్ట్ రైటర్స్ కొట్టి ఎక్స్ఛేంజ్ రైటర్ (స్నాప్‌షాట్‌కి డేటాబేస్‌ని సిద్ధం చేసే భాగం) స్టేబుల్‌గా ఉందో లేదో కూడా చూసుకోండి.

సెట్టింగ్ మార్చాక ఒక ఫుల్ బ్యాకప్ నడిపి, అది పూర్తయ్యాక విండోస్ అప్లికేషన్ లాగ్‌లో ఈఎస్ఈ (ఎక్స్ఛేంజ్ డేటాబేస్ ఇంజిన్) ఈవెంట్ 224 కోసం వెతకండి, అది వస్తే లాగ్స్ తీసేసినట్టు, 225 వస్తే తీయడానికి ఏమీ దొరకలేదని. గుంటూరులో ఒక కాపీ, విజయవాడలో ఒక కాపీ పెట్టి డాగ్ (డీఏజీ, ఒకే డేటాబేస్ కాపీల్ని వేర్వేరు సర్వర్లలో ఉంచే ఏర్పాటు) నడిపేవాళ్ళు ఇంకోటి చూడాలి, రెండో ఊర్లో కాపీ సస్పెండ్ అయి ఉంటే బ్యాకప్ ఎంత సరిగ్గా ఉన్నా లాగ్స్ పోవు, గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్‌కాపీస్టేటస్‌లో క్యూ లెంగ్త్ (ఇంకా అటు చేరాల్సిన లాగ్స్ లెక్క) చూస్తే తెలిసిపోద్ది.

డిస్క్ బొత్తిగా నిండి స్నాప్‌షాట్‌కి కూడా చోటు లేక బ్యాకప్ ఫెయిల్ అవుతుంటే వీలైతే డిస్క్ పెంచండి. అది కుదరకపోతేనే సర్క్యులర్ లాగింగ్ (డేటాబేస్‌లోకి ఎక్కిన లాగ్స్‌ని బ్యాకప్ కోసం ఆగకుండా తీసేసే సెట్టింగ్) ఆన్ చేసి డేటాబేస్‌ని డిస్‌మౌంట్ చేసి మౌంట్ చేయండి, లాగ్స్ తగ్గాక మళ్ళీ ఆఫ్ చేసి ఇంకోసారి డిస్‌మౌంట్, మౌంట్ చేసి, ఆ వెంటనే ఫుల్ బ్యాకప్ తీయండి, ఈ మధ్యలో డిస్క్ పోతే పాత బ్యాకప్ నాటి మెయిల్స్ దాకానే వెనక్కి వస్తాయి అని ఓనర్‌గారికి ముందే చెప్పండి. లాగ్స్‌ని సెలెక్ట్ చేసి షిఫ్ట్ డిలీట్ మాత్రం కొట్టొద్దు, ఇంకా డేటాబేస్‌లోకి ఎక్కని లాగ్ ఒక్కటి పోయినా డర్టీ షట్‌డౌన్ (డేటాబేస్ సరిగ్గా మూసుకోకుండా ఆగిపోవడం) అయినప్పుడు మౌంట్ అవదు, ఆ తర్వాత రిపేర్ అంటే కొన్ని మెయిల్స్ మీద ఆశ వదులుకోవడమే.

సమస్య: డేటాబేస్ డ్రైవ్ ఖాళీగానే ఉంది, అయినా బయటి మెయిల్స్ రావట్లేదు

పంపినవాళ్ళకి 452 4.3.1 ఎర్రర్ వస్తుంటే సీ డ్రైవ్ చూడండి. డీఫాల్ట్‌గా క్యూ డేటాబేస్ (దారిలో ఉన్న మెయిల్స్ కాసేపు ఆగే చోటు) అక్కడే ఉంటుంది, చోటు తగ్గితే బ్యాక్ ప్రెషర్‌తో ఎక్స్ఛేంజే మెయిల్ తీసుకోవడం ఆపేస్తుంది. నింపేది ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) లాగ్స్, ఎక్స్ఛేంజ్ ఇన్‌స్టాల్ ఫోల్డర్లో ఉన్న లాగింగ్ ఫోల్డర్. వీటిల్లో పాతవి తీసేయొచ్చు, వారం దాటినవి తీసేసే స్క్రిప్ట్ ఒకటి షెడ్యూల్ చేసి పెట్టండి. ఇందాకటి ఈ00 లాగ్స్ వేరు, ఇవి వేరు, ఆ స్క్రిప్ట్‌లో ఫోల్డర్ పేరు రెండుసార్లు చదివాకే సేవ్ చేయండి.

మిగతావి అరుదు. 2013లో ఐఓఎస్ 6.1 క్యాలెండర్ బగ్‌తో లాగ్స్ పొంగినట్టు ఒక ఫోన్ సింక్ పిచ్చిగా తిరగొచ్చు, ఆ ఫోన్‌ని సింక్ నుంచి తీసేస్తే ఆగుద్ది. స్టాండర్డ్ ఎడిషన్‌లో డేటాబేస్ 1024 జీబీ డీఫాల్ట్ లిమిట్ దాటితే డిస్‌మౌంట్ అవుతుంది, రిజిస్ట్రీలో పెంచుకోవచ్చు.