సెకండ్ హ్యాండ్ లగ్జరీ కారు కష్టాలు: ఏ బ్రాండ్‌కి ఏ జబ్బు, ఏం చేయాలి

బెంజ్ కొనాలా, బీఎమ్‌డబ్ల్యూనా, ఆడీనా, లెక్సస్సా అని అడిగేవాళ్లని నేను ముందు అడిగేది కొత్తదా పాతదా అని. కొత్తదైతే వారంటీ ఉన్నన్నాళ్లు టెన్షన్ షోరూమ్ వాళ్లది. ఏడెనిమిదేళ్ల బండిని కొత్త క్రెటా రేటుకి కొంటున్నప్పుడు మాత్రం ముందున్న లోగోతో పెద్దగా పని లేదు, బానెట్ కింద ఏ ఇంజిన్ ఉంది, దానికి ఏ గేర్‌బాక్స్ తగిలించారు, ముందు వాడినాయన ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్పించాడు, ఈ మూడే చూడాలి. అందుకే బ్రాండ్లకి ర్యాంకులు వేయకుండా లక్షణాల వారీగా రాస్తున్నా. ఏ లక్షణం ఏ కంపెనీ బండికి ఎక్కువ వస్తుందో అక్కడికక్కడే తెలుస్తుంది.

సమస్య: సర్వే ఒకటి చెబుతుంది, మెకానిక్ ఇంకోటి చెబుతాడు

కారణం: క్వాలిటీ, మన్నిక, పర్ఫార్మెన్స్ మూడింటినీ కలిపేసి చూడటం. అమెరికాలో జేడీ పవర్ వాళ్లు చేసే సర్వేల్లో ఒకటి కొన్న మొదటి 90 రోజుల్లో వచ్చిన సమస్యల్ని లెక్కేస్తుంది, ఇంకోటి మూడేళ్ల వయసున్న బండ్లలో ప్రతి 100 బండ్లకి ఎన్ని సమస్యలో చెబుతుంది. ఫోన్ బ్లూటూత్‌కి కలవకపోయినా ఒక సమస్యే, గేర్‌బాక్స్ పోయినా ఒక సమస్యే. మూడేళ్ల సర్వేలో లెక్సస్ ఏళ్ల తరబడి పైనే ఉంటోంది, అందులో డౌటేం లేదు. కానీ మీరు కొనబోయే తొమ్మిదేళ్ల బీఎమ్‌డబ్ల్యూ 520డీ టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా నడిపే గొలుసు) గురించి ఆ సర్వే ఒక్క ముక్క కూడా చెప్పదు.

పర్ఫార్మెన్స్ సంగతి మళ్లీ వేరే. బీఎమ్‌డబ్ల్యూ 330ఐ 100 కిలోమీటర్ల వేగాన్ని 5.8 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ లెక్క, లెక్సస్ ఈఎస్ 300హెచ్‌కి దాదాపు 9 పడుతుంది. స్టీరింగ్ పట్టుకుంటే మజా రావాలి అనేవాడికి లెక్సస్ నిద్రమాత్ర, డ్రైవర్‌ని పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేవాడికి అదే స్వర్గం.

పరిష్కారం: అమ్మేవాణ్ణి ఇంజిన్ కోడ్ అడగండి. తెలియదంటే చాసిస్ నంబర్ తీసుకుని సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి, సర్వీస్ రికార్డు, రీకాల్ పనులు పెండింగ్ ఉన్నాయా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది.

సమస్య: పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగర

అన్నిటికన్నా భయపడాల్సింది దీనికే. వేడెక్కాక శబ్దం పోతుంది కాబట్టి అమ్మేవాళ్లు మీరు వచ్చేసరికే బండి స్టార్ట్ చేసి ఉంచుతారు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పండి.

కారణం: టైమింగ్ చైన్ సాగడం, లేదా దాన్ని పట్టి ఉంచే గైడ్లు, టెన్షనర్ అరగడం. బీఎమ్‌డబ్ల్యూలో 2007లో వచ్చిన ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ దీనికి పేరు మోసింది. పాత 320డీ, 520డీల్లో ఉన్నది అదే. చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజినో కిందికి దించాల్సిందే, సామాను ఖర్చు కన్నా కూలి ఎక్కువవుతుంది. పెట్రోల్లో ఎన్20 కూడా ఇలాంటిదే, 2015కి ముందు బండ్లలో ప్లాస్టిక్ గైడ్లు విరిగి ముక్కలు ఆయిల్ చాంబర్‌లో పడతాయి, అవి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే ఇంజినే పోతుంది. విచిత్రం ఏంటంటే తర్వాత వచ్చిన బీ48, బీ58 ఇంజిన్లలో కూడా చైన్ వెనకే ఉంది, అయినా ఫిర్యాదులు చాలా తక్కువ. బీ58ని టొయోటా వాళ్లే తమ సుప్రాలో పెట్టుకున్నారంటే ఇంక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

బెంజ్‌లో పాత సీ-క్లాస్, ఈ-క్లాస్‌లకి వేసిన ఎమ్271 పెట్రోల్ ఇంజిన్‌కి చైన్ సాగడంతో పాటు వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ గేరు పళ్లు కూడా అరుగుతాయి. దీనికి మాత్రం ఇంజిన్ దించాల్సిన పని లేదు, పాత చైన్ కొసకి కొత్త చైన్ తగిలించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పుతూ లోపలికి లాగి రివెట్ కొట్టేస్తారు. ఆడీ ఈఏ888 రెండో తరం ఇంజిన్లలో అయితే టెన్షనర్ జారడం అసలు జబ్బు, కంపెనీయే తర్వాత మెరుగైన టెన్షనర్ తెచ్చింది.

పరిష్కారం: కొనకముందే అయితే ఆయిల్ ఫిల్టర్ విప్పించి చూడండి, మడతల్లో ప్లాస్టిక్ ముక్కలు, లోహపు మెరుపు కనిపిస్తే వదిలేయండి. ఇప్పటికే కొనేసి ఉంటే శబ్దం వచ్చిన వారంలోనే చైన్, గైడ్లు, టెన్షనర్ మూడూ కలిపి మార్పించండి, ఒక్క టెన్షనర్ వేసి నడిపిద్దాం అనే మెకానిక్ మాట వినకండి. ఆ తర్వాత 15,000 కిలోమీటర్ల దాకా ఆగకుండా 8,000 నుంచి 10,000 మధ్యలోనే ఆయిల్ మార్చడం మేలు.

సమస్య: డ్యాష్‌బోర్డ్ మీద ఒకేసారి అయిదారు లైట్లు

ఏబీఎస్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు, స్టీరింగ్ హెవీ, గేర్ పడట్లేదు, అన్నీ ఒక్కరోజే. చూడగానే లక్షలు ఖర్చనిపిస్తుంది గానీ చాలాసార్లు దోషి బ్యాటరీయే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు వారాలు కదలకుండా ఉన్న బండికి ఇది మామూలే.

పరిష్కారం: ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక వోల్టేజ్ చూడండి. 12.6 ఉంటే బాగున్నట్టు, 12.2 కన్నా తక్కువుంటే అక్కడే పట్టుకోవచ్చు. ఇంజిన్ ఆన్‌లో దాదాపు 14 రావాలి, రాకపోతే ఆల్టర్నేటర్ చూపించండి. బ్యాటరీ మార్చేటప్పుడు పాతది ఏజీఎమ్ (యాసిడ్‌ని గాజుపీచులో పీల్చి ఉంచే) రకమైతే కొత్తది కూడా అదే వేయాలి, బీఎమ్‌డబ్ల్యూలో అయితే కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానర్‌తో బండికి రిజిస్టర్ చేయాలి. చేయకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జింగ్ చేస్తూ కొత్తదాన్ని కూడా త్వరగా చంపేస్తుంది. చాలా బెంజ్‌లలో రెండో చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, పెద్దది మార్చినా మెసేజ్ పోకపోతే దాన్ని చూడండి.

సమస్య: గేరు మారేటప్పుడు కుదుపు, ట్రాఫిక్‌లో జెర్క్

కారణం: బీఎమ్‌డబ్ల్యూ, జాగ్వార్, ల్యాండ్ రోవర్, కొన్ని ఆడీలు, వీటన్నిటిలో ఉండేది జడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఒకే 8 స్పీడ్ గేర్‌బాక్స్ కుటుంబం. నా లెక్కలో ఈ తరం ఆటోమేటిక్‌లన్నిటిలో ఇదే నంబర్ వన్. కార్ల కంపెనీలు ఇందులో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెబుతూ వచ్చాయి, గేర్‌బాక్స్ చేసిన జడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకి మార్చమంటుంది. ఎవరి మాట వినాలో మీరే చెప్పండి.

బెంజ్ పాత 5 స్పీడ్‌కి జబ్బు వేరు. గేర్‌బాక్స్‌కి వైర్లు వెళ్లే ప్లగ్ దగ్గర రబ్బరు రింగు గట్టిపడి, ఆయిల్ వైరు వెంబడి పాకుతూ కంట్రోల్ యూనిట్ దాకా వెళ్లిపోతుంది. ముందే చూసుకుంటే చిన్న ప్లగ్‌తో పోతుంది, లేకపోతే యూనిట్ మొత్తం. ఆడీలో 7 స్పీడ్ తడి క్లచ్ (క్లచ్ ఆయిల్లో మునిగి ఉండే) రకానికి 60,000కి ఆయిల్ మార్చాలి, ఏ3లో వచ్చే పొడి క్లచ్ రకం అమీర్‌పేట ట్రాఫిక్‌లో రోజూ పాకుతూ వెళ్తే వేడెక్కి క్లచ్ అరిగిపోతుంది.

పరిష్కారం: ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. జడ్ఎఫ్‌లో ఫిల్టర్ ప్లాస్టిక్ ట్రేలోనే ఉంటుంది, ట్రే మొత్తం మార్చాల్సిందే. ఆయిల్ మట్టం చూడటానికి ఇంజిన్ ఆన్‌లో ఉండి, గేర్‌బాక్స్ ఆయిల్ ఒక నిర్ణీత వేడి మీద ఉండాలి, అది స్కానర్‌లో చూసుకోకుండా అంచనాగా పోసే షెడ్ అయితే బండి అక్కణ్ణుంచి తీసుకొచ్చేయండి.

సమస్య: పొద్దున చూస్తే బండి ఒక పక్కకి ఒరిగి ఉంది

కారణం: ఎయిర్ సస్పెన్షన్ లీక్. బెంజ్ ఎస్-క్లాస్, రేంజ్ రోవర్, ఆడీ క్యూ7, అన్నిటికీ వచ్చేదే, రబ్బరు కదా. లీక్ చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోకపోతే దాన్ని నింపీ నింపీ కంప్రెసర్ కాలిపోతుంది, ఒక ఖర్చు రెండవుతుంది.

పరిష్కారం: సబ్బునీళ్లు స్ప్రే చేసి, రబ్బరు మడత పడే చోట కాసేపు చూస్తూ ఉండండి, సన్నగా నురగ లేస్తే లీక్ అక్కడే. ఎయిర్ స్ప్రింగ్ మార్చినప్పుడు కంప్రెసర్ రిలే కూడా మార్చేయండి, అది చవకే. లక్షలు పోసి బండి కొని రిలే దగ్గర బేరమాడటం ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు ఉంటుంది.

సమస్య: పికప్ తగ్గింది, లేదా ఆయిల్ తాగుతోంది

పికప్ ఒక్కసారిగా పోతే టర్బో నుంచి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం పగిలిందేమో చూడండి, బీఎమ్‌డబ్ల్యూల్లో ఇది మామూలే. మెల్లమెల్లగా తగ్గితే వాల్వుల మీద మసి. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) పెట్రోల్ వాల్వుల మీద పడదు కాబట్టి వాటిని కడిగేది ఏదీ ఉండదు, అందుకే అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టించి శుభ్రం చేయిస్తారు. లెక్సస్ ఈఎస్ 300హెచ్‌లో రెండు రకాల ఇంజెక్టర్లూ ఉంటాయి, ఆ బాధ అంతగా ఉండదు.

ఆయిల్ తాగడం అంటే పాత ఆడీ 1.8, 2.0 టీఎఫ్ఎస్ఐ (టర్బో పెట్రోల్) ఇంజిన్లే గుర్తొస్తాయి. పిస్టన్ రింగులు సన్నవి, ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు చిన్నవి, పూడుకుపోతాయి. 1,000 కిలోమీటర్లకి అర లీటరు దాకా మామూలేనని కంపెనీ అంటుంది, అంతకన్నా ఎక్కువైతే ముందు ఆయిల్ సెపరేటర్ మార్చి చూడండి, తగ్గకపోతే పిస్టన్లు, రింగులు. చాలా ఆడీల్లో ఆయిల్ చూసే పుల్ల ఉండదు, స్క్రీన్ మీదే చూడాలి, కొనేటప్పుడు ఆ రీడింగ్ చూడటం మర్చిపోవద్దు.

సమస్య: డీజిల్ బండిలో ఆయిల్ మట్టం పెరుగుతోంది

పెరగడం మంచిదే కదా అనుకోకండి, అది డీజిల్ కలవడం. రోజూ నాలుగు కిలోమీటర్లు స్కూలుకీ ఆఫీసుకీ తిరిగే బండిలో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకోవడం పూర్తవదు, ఆ ప్రయత్నంలో పోసిన డీజిల్ కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ల్యాండ్ రోవర్, జాగ్వార్‌ల ఇంజీనియం అనే డీజిల్ ఇంజిన్‌కి ఇది బాగా తెలిసిన గొడవ. ఆయిల్ వెంటనే మార్చి, ఆ తర్వాత వారానికోసారి ఓఆర్ఆర్ మీద అరగంట ఆగకుండా నడపండి. అలా కుదరదు అంటే మీకు డీజిల్ వద్దు, పెట్రోలో హైబ్రిడో చూసుకోండి.

హైబ్రిడ్ అంటే బ్యాటరీ పోతుందేమోనని లెక్సస్‌కి భయపడేవాళ్లు ఉన్నారు, అక్కడ మర్చిపోకూడని పని చిన్నదే. బ్యాటరీకి చల్లగాలి పంపే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది, దుమ్ము, కుక్క వెంట్రుకలు పట్టి మూసుకుపోతుంది, ప్రతి సర్వీసుకీ శుభ్రం చేయించండి.

సమస్య: టైరు పక్కన ఉబ్బు

రన్‌ఫ్లాట్ టైరు (గాలి పోయినా కొంతదూరం నడిచేది), మన గుంతలు. పక్కగోడ గట్టిగా ఉంటుంది కాబట్టి దెబ్బ రిమ్ దాకా వెళ్తుంది. ఉబ్బిన టైరుకి ప్యాచ్ ఉండదు, మార్చడమే. మామూలు టైర్లకి మారితే బండి మెత్తబడుతుంది, కానీ డిక్కీలో స్టెప్నీ పెట్టుకోవాలి.

సమస్య: అన్నీ బాగున్నాయి, రేటు మాత్రం అనుమానంగా తక్కువ

కారణాలు రెండు. ఒకటి, ఢిల్లీ బండి. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అవి చవగ్గా ఇటు వస్తున్నాయి. బండి మంచిదే కావచ్చు, కానీ ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేస్తే చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. రెండోది, నీళ్లలో మునిగింది. 2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో సెల్లార్లే మునిగాయి, అలాంటి బండ్లు పాలిష్ చేసుకుని మళ్లీ మార్కెట్‌లోకి వస్తాయి.

పరిష్కారం: సీట్ బెల్ట్‌ని ఆఖరి దాకా లాగండి, మామూలుగా బయటికి రాని భాగంలో బురద రంగు గీత ఉంటే మునిగినట్టే. స్టెప్నీ గుంతలో, సీటు పట్టాల బోల్టుల దగ్గర ఒండ్రు, తుప్పు చూడండి. తివాచీ ఎత్తి ముక్కు దగ్గర పెట్టండి, ఎంత సెంటు కొట్టినా ముక్కిపోయిన వాసన పోదు. నీళ్లు చూసిన బండిలో వైరింగ్ కనెక్టర్లు ఏడాదికి ఒకటి చొప్పున పోతూనే ఉంటాయి కాబట్టి సగం రేటుకి ఇచ్చినా నేనైతే ముట్టుకోను. మీరు కొన్న బండి మునగకపోయినా సరే, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్ల వల్ల ఇంజిన్ పాడైతే ఆదుకునే అదనపు కవర్) తీసుకోండి, నీళ్లలో ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ కొట్టకుండా టోయింగ్ బండికి ఫోన్ చేయండి.