తులసికోట తాటిచెట్టంత అయినప్పుడు

పోయిన సంక్రాంతికి తణుకులో అమ్మమ్మ వాళ్లింటి వాకిట్లో ఫోన్‌తో పన్నెండు సెకన్ల షాట్ ఒకటి తీశాను. తులసికోట చుట్టూ యానిమేషన్ పుంజు తిరగాలి, ఆగి ఈకలు దులుపుకోవాలి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ చేస్తే (వీడియోలోని పాయింట్లు పట్టుకుని కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడం; ఆ లెక్కే సాల్వ్) సాల్వ్ ఎర్రర్, అంటే ఆ లెక్కలో తేడా, 0.4 పిక్సెల్ వచ్చింది. పని అయిపోయిందనుకున్నా. తీరా 60 సెంటీమీటర్ల పుంజుని తెచ్చి పెడితే ఎక్కడుందో కనపడలేదు. వెతగ్గా వెతగ్గా కోట మొదట్లో బొటనవేలంత ఉంది.

చాలామంది చేసే తప్పే నేనూ చేశాను. కంటికి సరిపోయేదాకా పుంజుని పెంచుకుంటూ పోయాను, పన్నెండు రెట్లు. నడక బాగానే ఉంది. ఈకల సిమ్యులేషన్ (బరువుకి ఈకలు ఎలా ఊగుతాయో కంప్యూటర్ లెక్కగట్టడం) వేస్తే మాత్రం పుంజు చెరువు నీళ్ల లోపల నెమ్మదిగా దులుపుకుంటున్నట్టుంది. మీటరు ఎత్తు నుంచి పడే రాయి, సెకనుకి 24 ఫ్రేముల లెక్కన, 11 ఫ్రేముల్లో నేల తాకుతుంది. ఎత్తు పన్నెండు మీటర్లయితే దాదాపు 38 ఫ్రేములు. గురుత్వాకర్షణకి మన రెట్లతో పనిలేదు కదా.

అందుకే పాత్ర జోలికి పోకండి. కెమెరానీ పాయింట్లనీ కలిపి సరిచేయాలి. ఒక్క కెమెరాతో తీసిన వీడియోలో అసలు కొలతే ఉండదు. దగ్గరున్న బొమ్మరిల్లయినా దూరంగా ఉన్న మేడయినా సాఫ్ట్‌వేర్‌కి ఒకటే. కొలత మనమే చెప్పాలి.

షూటింగ్ రోజు టేపు తీసుకెళ్లలేదు, బుద్ధి తక్కువై. మావయ్యకి ఫోన్ చేసి కొలవమన్నాను. "ఏరా, కోట పడగొడతావా ఏంటి?" అన్నాడు. కోట ఎత్తు 37 అంగుళాలు, వరసగా ఐదు టైల్స్ 61 అంగుళాలు. ఒక్క టైలు చాలదా అంటే చాలదు. దూరం చిన్నదైతే పాయింటు ఒక పిక్సెల్ జరిగినా లెక్క బాగా తప్పుతుంది.

ముందు ఒక ఎంప్టీ (షాట్‌లో కనపడని ఖాళీ వస్తువు) పెట్టి కెమెరాని దానికి పేరెంట్ చేయండి, అంటే దానితోపాటే కదిలేలా కట్టేయండి. అప్పుడు స్కేల్ మార్పు ఎంప్టీ మీద పడుతుంది, కెమెరా స్కేల్ 1 దగ్గరే ఉంటుంది. క్లిప్ ఎడిటర్‌లో (బ్లెండర్‌లో ట్రాకింగ్ చేసే విండో) నేల మీది మూడు పాయింట్లు ఎంచుకుని 'ఫ్లోర్' నొక్కండి, ఒక పాయింటుకి 'సెట్ ఆరిజిన్' ఇవ్వండి, అదే సున్నా స్థానం అవుతుంది. తర్వాత కొలిచిన రెండు పాయింట్లు ఎంచుకుని, డిస్టెన్స్‌లో మీటర్లు వేసి (నాకు 1.55) 'సెట్ స్కేల్' నొక్కండి. అంతే, పెంచిన పుంజుని మళ్లీ 1కి తెచ్చేశాను.

రెండో కొలత ఎందుకంటే, పరీక్షకి. టైల్స్‌తో స్కేల్ ఇచ్చాక కోట 0.94 మీటర్లు రావాలి. నాకు 1.08 వచ్చింది! ఒక దిక్కున సరిపోయి ఇంకో దిక్కున తప్పితే అది స్కేల్ తప్పు కాదు, మనం ఇచ్చిన లెన్స్ అంకెల తప్పు. స్కేల్ ఎన్నిసార్లు మార్చినా కుదరదు. ఫోన్ చెప్పే 26 ఎంఎం ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే అంకె) అనేది ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ (బొమ్మని పట్టే చిప్) ఉన్న కెమెరా లెక్క. దాని పక్కన సెన్సర్ వెడల్పు 36 ఎంఎం వేయాలి. నేను ఫోన్ సెన్సర్ అసలు సైజు వెతికి మరీ వేశాను, అతితెలివి. వీడియోలో ఫోన్ అంచులు కొంత కత్తిరిస్తుంది కాబట్టి 'రిఫైన్' (సాఫ్ట్‌వేరే అంకెని సరిచూసుకునే చోటు) కింద ఫోకల్ లెంగ్త్ కూడా టిక్ పెట్టి మళ్లీ సాల్వ్ చేశాను. సాల్వ్ మారితే నేల, ఆరిజిన్, స్కేల్ మళ్లీ మొదటి నుంచీ ఇచ్చుకోవాలి, మర్చిపోకండి. ఈసారి కోట 0.95. సెంటీమీటరు తేడాకి టెన్షన్ పడక్కర్లేదు.

ట్రైపాడ్ మీద పెట్టి తిప్పిన షాట్‌లో మాత్రం ఈ తంతు పనిచేయదు. కెమెరా చోటు మారలేదు కాబట్టి లోతు తెలియదు, పాయింట్ల మధ్య దూరానికి అర్థం లేదు. ఫోన్‌లో స్టెబిలైజేషన్ (కుదుపు తగ్గించే సెట్టింగ్) కూడా ఆపేసి తీయండి.

షాట్‌ని మాయా అనే ఇంకో 3డీ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఇస్తుంటే ఇంకో గొడవ ఉంది. మాయా మామూలుగా సెంటీమీటర్లలో లెక్క వేస్తుంది, బ్లెండర్ మీటర్లలో. కెమెరా వంద రెట్లు తేడాగా తెరుచుకోవచ్చు. నేనైతే కెమెరాతో పాటు కోట పక్కన సరిగ్గా ఒక మీటరు డబ్బా పెట్టి పంపుతాను. అవతలివాళ్లు తెరవగానే ఆ డబ్బాని కొలిచి, 100 యూనిట్లు రాకపోతే నాకు ఫోన్ చేస్తారు.