గరాజ్ సీలింగ్‌కి లైట్లు: ఓపెనర్‌కి చోటు ముందే వదలండి

అమెరికా ఇళ్లలో ఉండే 7 అడుగుల సెక్షనల్ డోర్ (అడ్డ పలకలుగా పైకి జరిగి సీలింగ్ కిందకి వెళ్లే గరాజ్ తలుపు) లెక్క ఇది. ఓపెనర్ (తలుపును మోటారుతో తెరిచి మూసే యంత్రం) తర్వాత పెట్టించుకున్నా, దాని చోటు ఇప్పుడే తేల్చుకోవాలి.

తలుపు మధ్యగీతను సీలింగ్ మీద చాక్‌పీసుతో లోపలికి గీయండి. మోటారు తలుపు నుంచి సుమారు 10 అడుగుల దూరంలో, ఆ గీత మీదే వేలాడుతుంది. అక్కడ ట్యూబ్‌లైట్ బిగిస్తే రేపు ఊడదీయాల్సిందే.

చాలామంది మరిచేది ఇంకొకటి: తెరిచిన తలుపు సీలింగ్ కింద పరుచుకుని పైనున్న లైట్లన్నిటినీ కప్పేస్తుంది. పగలు తలుపు తెరిచి పనిచేసేవాళ్లకే ఇది తెలుస్తుంది. అందుకే రెండు 4 అడుగుల ఎల్‌ఈడీ లైట్లు తలుపు జరిగే పట్టాలకు బయట, పక్కగోడల వైపు పెట్టండి. మరో రెండు మోటారు వెనక.

మోటారు చోటికి 3 అడుగుల లోపు ఒక సాకెట్ పెట్టించండి. దానికి జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసేది) తప్పనిసరి. లైటు స్విచ్‌తో మాత్రం కలపొద్దు. లైటు ఆర్పితే ఓపెనర్ కూడా చచ్చిపోతుంది. గోడ బటన్‌కి సన్నటి రెండు తీగల వైరు ఇప్పుడే లాగి ఉంచండి. చవక ఎల్‌ఈడీలు రేడియో రొద పుట్టించి రిమోట్ దూరాన్ని తగ్గిస్తాయి, మోటారు దగ్గర వాటిని వాడకండి.