ముందు ప్రాప్ విప్పండి, తర్వాతే బ్యాటరీ

వరి కోతలు అయిపోయాయి. సంక్రాంతికి ఇళ్ళకొచ్చిన ఇంజినీరింగ్ కుర్రాళ్ళు అటక మీంచి మోడల్ విమానాలు దించుతున్నారు. శ్రీకాకుళం చుట్టుపక్కల మోళ్ళు మిగిలిన పొలాలే మనకి రన్‌వేలు. కరెంటు తీగలు, తాటిచెట్లు చూసుకోమని మీకు చెప్పక్కర్లేదు.

కిందటి వారం మా వీధి కుర్రాడికి మూడు వేళ్ళకు కుట్లు పడ్డాయి. పొలంలో కాదు, ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. నేను చూసిన పెద్ద గాయాలు ఎక్కువగా ఇళ్ళలోనే జరిగాయి. అన్నిట్లోనూ తప్పు ఒకటే: మోటరుకి ప్రాప్ (ప్రొపెల్లర్, అంటే ముందు తిరిగే ఫ్యాన్ రెక్క) ఉండగానే బ్యాటరీ పెట్టడం.

వాడు కొత్త ఈఎస్‌సీ (మోటరు వేగాన్ని నడిపే సర్క్యూటు) బిగించాడు. రిమోట్‌లో థ్రోటిల్ (మోటరు వేగం) చానెల్ రివర్స్‌లో ఉంది, చూసుకోలేదు. స్టిక్ పూర్తిగా కిందకి లాగి బ్యాటరీ పెట్టాడు. ఈఎస్‌సీకి అది ఫుల్ థ్రోటిల్‌లా కనబడి కాలిబ్రేషన్‌లోకి, అంటే స్టిక్ హద్దులు నేర్చుకునే పనిలోకి వెళ్ళింది. బీప్‌లే గానీ మోటరు తిరగలేదు. ఏమైందోనని స్టిక్ పైకి తోశాడు. ఈఎస్‌సీ దాన్ని సున్నా అనుకుని సిద్ధమైపోయింది. అప్పుడూ తిరగలేదు. ఎందుకైనా మంచిదని మళ్ళీ కిందకి లాగాడు. ఒక్కసారిగా ఫుల్! కంగారులో స్టిక్‌ని ఇంకా కిందకే నొక్కిపట్టి, రెండో చేత్తో విమానాన్ని పట్టుకోబోయాడు.

10 అంగుళాల ప్రాప్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు 380 కిలోమీటర్ల వేగం దాటుతుంది. కిందటేడు ఇదే మాట చెబితే "ఏటీ అవదు మావా, చిన్న మోటరే కదా" అన్నాడు.

బల్ల మీద పని: సర్వోలు (రెక్కల పలకలు కదిపే చిన్న మోటర్లు) సరిచూడాలన్నా, రిసీవర్‌ని రిమోట్‌తో జత (బైండ్) చెయ్యాలన్నా, మోటరు ఎటు తిరుగుతోందో చూడాలన్నా ముందు ప్రాప్ విప్పండి. మోటరు దిశ తెలియడానికి షాఫ్టుకి చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు. నట్టు విప్పడానికి అర నిమిషం పట్టదు.

బ్యాటరీ: 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించి చార్జి పెట్టకండి. పరుపు మీద పెట్టి నిద్రపోవద్దు. ఇసుక పోసిన మట్టి కుండ మంచిది, మూత బిగించకూడదు. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడొద్దు. పండగయ్యాక అటకెక్కించేముందు సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపండి.

పొలంలో: ముందు రిమోట్ ఆన్, తర్వాత బ్యాటరీ. దిగాక ముందు బ్యాటరీ పీకాలి, ఆ తర్వాతే రిమోట్ ఆఫ్. తిరగేసి చేస్తే, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే ఏం చెయ్యాలో ముందే పెట్టుకునే సెట్టింగు) సరిగ్గా పెట్టకపోతే, సిగ్నల్ పోగానే మోటరు లేవొచ్చు. ఫెయిల్‌సేఫ్‌లో థ్రోటిల్ సున్నా ఉందో లేదో ఇంట్లోనే చూడాలి. ఎలా చూస్తారు? ప్రాప్ విప్పి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

స్టిక్ కదిలినా మోటరు తిరగకుండా ఆపే థ్రోటిల్ కట్ స్విచ్ పెట్టుకోండి. ఒక చేత్తో విమానం ఎత్తుకుని ఇంకో చేత్తో రిమోట్ మోసేటప్పుడు మెడ తాడు స్టిక్‌కి తగులుకుంటుంది, నాకే తగులుకుంది. రిమోట్‌లో వేరే మోడల్ సెలెక్ట్ అయి ఉందేమో చూడండి. స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలెరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి. ప్రాప్‌కి ఎదురుగా నిలబడొద్దు, పక్కన అసలే వద్దు, వెనకే ఉండండి. పగిలిన ప్రాప్‌ని ఫెవిక్విక్‌తో అతికించకండి. పశువులు కాసే పిల్లలు పరిగెత్తుకొస్తారు, వాళ్ళు దూరం జరిగేదాకా బ్యాటరీ పెట్టొద్దు. కళింగపట్నం ఇసుకలో దించితే మోటరు ఊది తుడవండి. సముద్రం గాలి లేవకముందే, పొద్దున్నే ముగించండి. భోగాపురం వైపు వాళ్ళు ఎగరేసేముందు డిజిటల్ స్కై (డీజీసీఏ డ్రోన్ల సైటు) మ్యాప్ చూడండి, అక్కడ విమానాశ్రయం ఉంది. మ్యాప్‌లో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు) అయినా 120 మీటర్ల ఎత్తు దాటొద్దు. ఒక్కరే వెళ్ళొద్దు. తిరుగుతున్నదాన్ని చేత్తో పట్టుకోవద్దు, విమానం గోడకి గుద్దుకున్నా సరే వదిలెయ్యండి.

రాత్రి పదకొండింటికి "ఒక్కసారి చూసి పడుకుందాం" అనిపిస్తే, ప్రాప్ విప్పి చూడండి. లేదంటే పడుకోండి.