ఇంటర్‌ఫేస్ మార్చాలా, సెట్టింగ్ మార్చాలా? ఇంట్లో మల్టీట్రాక్ రికార్డింగ్: సమస్య - పరిష్కారం

ఇంటర్‌ఫేస్ అంటే మైకుల్ని, వాద్యాల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె. మల్టీట్రాక్ అంటే ఒక్కో గొంతూ వాద్యమూ విడి ట్రాక్‌లోకి రావడం. ఇంటర్‌ఫేస్ మార్చేద్దాం అని నాకు గట్టిగా అనిపించిన సందర్భాలు మూడు. నిజంగా మార్చాల్సి వచ్చింది ఒక్కసారే. మిగతా రెంటిలో ఒకసారి తప్పు సెట్టింగ్‌లో ఉంది, ఇంకోసారి కేబుల్లో. అందుకే ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు మీకు ఏం ఇబ్బందిగా ఉంది అని ముందు నేను అడుగుతాను. ఇబ్బంది ఎక్కడుందో తెలిస్తే కొత్తది కావాలో వద్దో, కావాలంటే అందులో ఏం చూసుకోవాలో దానంతట అదే తేలిపోతుంది.

"నలుగురం కలిసి వాయించాం, చూస్తే ఒకే ట్రాక్ వచ్చింది"

నేను నిజంగా మార్చాల్సి వచ్చింది దీనివల్లే. నాలుగు మైకులకు నాలుగు నాబ్‌లు, వెనకాల యూఎస్‌బీ పోర్టు ఉన్న మిక్సర్‌నే ఇంటర్‌ఫేస్‌గా కొన్నాను, నాలుగూ కంప్యూటర్‌లోకి విడివిడిగా వస్తాయన్న నమ్మకంతో. సాయంత్రమంతా వాయించి, సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూస్తే ఒకే ఒక్క స్టీరియో వేవ్‌ఫామ్ ఉంది. గొంతు డ్రమ్స్ కింద నలిగిపోయింది. గొంతు పెంచితే స్నేర్ డ్రమ్ కూడా పెరుగుతుంది, స్నేర్ తగ్గిస్తే గొంతూ తగ్గిపోతుంది. మళ్లీ అందరినీ పిలిచి రికార్డ్ చేయడం తప్ప వేరే దారి లేకపోయింది.

చాలా యూఎస్‌బీ మిక్సర్లు కంప్యూటర్‌కి పంపేది మెయిన్ మిక్స్‌ని మాత్రమే, అంటే ఎడమ, కుడి, రెండే ఛానెళ్లు. ముందు మైకులు ఎన్ని పెట్టినా లోపల అవన్నీ కలిసిపోయాకే యూఎస్‌బీ దాకా వస్తాయి. మీది ఏ రకమో తెలుసుకోవడం తేలిక: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ల జాబితా తెరవండి, కంపెనీ డ్రైవర్ ఎంచుకున్నాక కూడా 1, 2 మాత్రమే కనిపిస్తే అంతే, దాన్ని ఏ సెట్టింగూ మార్చలేదు. కొత్తది కొనేదాకా పని గడవాలంటే ఒక మైకుని పూర్తిగా ఎడమకి, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి పాన్ చేయండి, కనీసం రెండు ట్రాకులు విడిగా దక్కుతాయి. కొత్తది కొనేటప్పుడు 'మల్టీట్రాక్ యూఎస్‌బీ' అని స్పష్టంగా రాసి ఉన్న మిక్సర్ అయినా తీసుకోండి, లేదా ఇంటర్‌ఫేస్‌కే వెళ్లండి.

జాబితాలో 1 నుంచి 4 దాకా కనిపిస్తున్నా ట్రాక్ ఒక్కటే వస్తుంటే మాత్రం కొనాల్సిందేమీ లేదు. నాలుగు మోనో ట్రాకులు తెరిచి, ఒక్కోదానికి ఒక్కో ఇన్‌పుట్ ఇచ్చి, నాలుగింటికీ రికార్డ్ ఆర్మ్ చేయండి, అంటే రికార్డ్‌కి సిద్ధంగా పెట్టండి. పాడింది ఒక చెవిలోనే వినిపించడానికి కూడా ఎక్కువగా ఇదే కారణం, మోనో మైకుని స్టీరియో ట్రాక్‌లోకి తీసుకున్నారన్నమాట.

"18 ఇన్‌పుట్‌లు అన్నారు, మైకు పెట్టే చోట్లు ఎనిమిదే ఉన్నాయి"

ఇందులో మోసం లేదు, లెక్క అలా ఉంటుంది. ఉదాహరణకి ఫోకస్‌రైట్ 18ఐ20లో అనలాగ్ ఇన్‌పుట్‌లు 8, ఏడాట్ ఆప్టికల్ ద్వారా వచ్చేవి 8, ఎస్‌పీడిఫ్ 2 (ఈ రెండూ వేరే పరికరాల నుంచి ధ్వని తెచ్చే డిజిటల్ దారులు), మొత్తం 18. మైకు నేరుగా పెట్టగలిగేది ఆ మొదటి ఎనిమిదిలోనే. కాబట్టి పెద్ద అంకె వదిలేసి మైక్ ప్రీఆంప్‌లు, అంటే మైకు సన్నని సిగ్నల్‌ని పెంచే భాగాలు, ఎన్ని అని చూడండి.

మీకెన్ని కావాలో కాగితం మీద వేసుకోండి. ఒకేసారి మోగేవాటినే లెక్కపెట్టాలి, పాటలో మొత్తం ఎన్ని ట్రాకులుంటాయన్నది వేరే లెక్క. డ్రమ్స్‌లో కిక్, స్నేర్, పైన రెండు ఓవర్‌హెడ్ మైకులు కలిపి నాలుగు, బేస్ గిటార్ నేరుగా ఒకటి, గిటార్ ఆంప్ ముందు ఒకటి, దారి చూపడానికి గొంతు ఒకటి, మొత్తం ఏడు. ఇలాంటి బృందానికి ఎనిమిది సరిపోతాయి. మీరొక్కరే ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ రికార్డ్ చేస్తుంటే నలభై ట్రాకుల పాటకైనా రెండు ప్రీఆంప్‌లు చాలు. ఆ డబ్బు మైకు మీద పెట్టండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

ముందు ముందు ఇంకో ప్రీఆంప్ పెట్టె తగిలించి ఇన్‌పుట్‌లు పెంచుకోవాలనుకుంటే ఏడాట్ తీసుకోగల ఆప్టికల్ ఇన్ ఉన్నది చూసుకోండి. కొన్నిటిలో ఆప్టికల్ సాకెట్ ఉన్నా అది ఎస్‌పీడిఫ్‌కి మాత్రమే పనిచేస్తుంది. ఒక్క ఏడాట్ కేబుల్ మీద 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ (సెకనుకి ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ లెక్క, ఒక్కో కొలత ఒక శాంపిల్) దగ్గర ఎనిమిది ఛానెళ్లు వస్తాయి, 96 దగ్గర నాలుగే.

"అదనపు ప్రీఆంప్ తగిలించాక రికార్డింగ్‌లో మధ్యమధ్య టిక్ టిక్‌మంటోంది"

ఆ టిక్ దగ్గర వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేసి చూడండి. నున్నగా సాగుతున్న గీత ఒక్కచోట కత్తితో కోసినట్టు తెగి, పక్క మెట్టు నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇంటర్‌ఫేస్, ప్రీఆంప్ పెట్టె రెండూ సెకనుకి 48,000 శాంపిళ్లు లెక్కపెడుతున్నాయి గానీ దేని గడియారం దానిదే, అందుకే అప్పుడప్పుడు ఒక శాంపిల్ జారిపోతుంది. ఎక్కువమంది దీన్ని కేబుల్ తప్పనుకుని కేబుల్ మారుస్తారు. ప్రీఆంప్ పెట్టెని ఇంటర్నల్ క్లాక్‌లో ఉంచి, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్లో క్లాక్ సోర్స్‌ని ఏడాట్‌కి మార్చండి, రెండిటిలో శాంపిల్ రేట్ ఒకటే ఉందో లేదో చూడండి. టిక్ పోతుంది.

"రెండు చిన్న ఇంటర్‌ఫేస్‌లున్నాయి, కలిపి వాడితే నాలుగు ఇన్‌పుట్‌లు అవ్వవా?"

విండోస్‌లో మామూలుగా కాదు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒక్క ఆసియో (ASIO, ఇంటర్‌ఫేస్‌ని తక్కువ ఆలస్యంతో నడిపే) డ్రైవర్‌నే తీసుకుంటుంది. మాక్‌లో ఆడియో మిడి సెటప్‌లోకి వెళ్లి రెంటినీ అగ్రిగేట్ డివైస్‌గా కలపొచ్చు, కలిపాక ఒకదాన్ని క్లాక్‌గా పెట్టి రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టాలి. అత్యవసరానికి ఇది పనికొస్తుంది. ఇదే ప్లాన్‌తో రెండోది కొనడం మాత్రం వద్దు.

"పాడుతుంటే నా గొంతు నాకే ఆలస్యంగా వినిపిస్తోంది"

కంప్యూటర్ శాంపిళ్లని కొన్ని పోగుచేసుకుని ఒక్కసారిగా తీసుకుంటుంది, ఆ పోగే బఫర్. అది 256 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ అనుకుందాం. లోపలికి రావడానికి 5.3 మిల్లీసెకన్లు, బయటికి వెళ్లడానికి మళ్లీ అంతే, దానికి తోడు డ్రైవర్, కన్వర్టర్లు తీసుకునే సమయం. 1024లో పెడితే ఒక్కో వైపే 21 దాటుతుంది, ఇక తాళం మీద నిలబడటం కష్టం. రికార్డ్ చేసేటప్పుడు 64 లేదా 128, మిక్సింగ్‌లో 512 గానీ 1024 గానీ పెట్టుకోండి. విండోస్ అయితే సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవరే ఎంచుకున్నారా అని చూడండి, విండోస్ మామూలు డ్రైవర్ మీద నడుస్తుంటే బఫర్ ఎంత తగ్గించినా పెద్దగా లాభం ఉండదు. 64 దగ్గర చిటపటలు వస్తే బరువైన ప్లగిన్లు (ఎఫెక్టులిచ్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఆపేయండి, లేదా డైరెక్ట్ మానిటర్ వాడండి, అప్పుడు మీ గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే హెడ్‌ఫోన్లోకి వస్తుంది. గొంతు రెండుసార్లు వినిపిస్తోందంటే డైరెక్ట్ మానిటర్, సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ రెండూ ఆన్‌లో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లోది ఆపేయండి.

దీనికోసం యూఎస్‌బీ 3 కావాలి, థండర్‌బోల్ట్ కావాలి అని కంగారుపడేవాళ్లు ఈ లెక్క చూడండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది ట్రాకులు కలిపితే సెకనుకి దాదాపు 9.2 మెగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి 480 మెగాబిట్లది. దారి ఇరుకై ఆలస్యం రావడం లేదు, డ్రైవర్ ఎంత బాగా రాశారన్నదే ఇక్కడ ముఖ్యం. అందుకని కొనే ముందు ఆ మోడల్‌కి మీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇప్పటి వెర్షన్‌కి డ్రైవర్ ఉందా, ఈమధ్య అప్‌డేట్ చేశారా అని కంపెనీ డౌన్‌లోడ్ పేజీలో చూడండి. ఇది మాత్రం దాటేయకండి.

"గెయిన్ చివరిదాకా తిప్పినా గొంతు సన్నగా, వెనకాల బుసబుస"

మైకు షూర్ ఎస్ఎమ్7బీ లాంటి తక్కువ అవుట్‌పుట్ ఇచ్చే డైనమిక్ మైకు అయితే దానికి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, చిన్న ఇంటర్‌ఫేస్‌లు కొన్ని 50 దగ్గరే ఆగిపోతాయి. ముందు మైకుకి దగ్గరగా జరగండి, దూరం సగమైతే సుమారు 6 డెసిబెల్స్ ఊరికే వస్తాయి. ఇంకోటి, మీటర్ నిండేదాకా పెంచాలన్న టెన్షన్ వద్దు. 24 బిట్‌లో మీటర్ సగటున మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర, గట్టిగా పాడిన చోట మైనస్ 10 దాటకుండా ఉంటే అది మంచి లెవెలే. ఇంత చేసినా చాలకపోతే అప్పుడు ఇన్‌లైన్ బూస్టర్ (మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య తగిలించి సిగ్నల్ పెంచేది) గానీ, 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గెయిన్ రాసి ఉన్న ఇంటర్‌ఫేస్ గానీ చూడండి.

కండెన్సర్ మైకు (కరెంటు అందితేనే పనిచేసే రకం) అసలు పలకకపోతే 48 వోల్టుల బటన్ నొక్కారా చూడండి. ఆ బటన్ నొక్కగానే ఇంటర్‌ఫేస్ డిస్‌కనెక్ట్ అవుతుంటే కరెంటు చాలట్లేదు, హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టండి, లేదా అడాప్టర్ ఇవ్వండి. గిటార్ నేరుగా పెడితే మొద్దుగా వస్తోందంటే ఇన్‌పుట్ లైన్‌లో ఉంది, 'ఇన్‌స్ట్' (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కండి. పాట నెమ్మదిగా, ఒకటిన్నర స్వరస్థానం కిందికి వినిపిస్తే 48లో రికార్డ్ చేసింది 44.1లో మోగుతోంది.

"ఒకటే 'హమ్మ్'మని మోత"

ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి. మోత ఆగితే గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు ఒకటికి మించిన ఎర్త్ దారులతో కలవడం వల్ల వచ్చే మోత, అనుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి మామూలు కేబుల్ ఉంటే తీసి ఇలాంటి మోతని అడ్డుకునే బ్యాలెన్స్‌డ్ టీఆర్ఎస్ కేబుల్ వేయండి, అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ మీదికి తెండి. మొదట్లో చెప్పిన కేబుల్ తప్పు ఇదే, కేబుల్ జత మార్చగానే గది నిశ్శబ్దమైపోయింది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తే పోతుంది అని చెప్పేవాళ్లుంటారు, ఆ పని ఎప్పుడూ చేయకండి, ప్రాణాల మీదికి వస్తుంది.

"పాడేవాళ్లకి గొంతు పెంచితే డ్రమ్మర్‌కి క్లిక్ వినిపించట్లేదు"

ఇది కొనే ముందు ఎవరూ ఆలోచించని విషయం. అవుట్‌పుట్‌లు రెండే ఉంటే అందరికీ ఒకటే మిక్స్ వెళ్తుంది, స్ప్లిటర్ పెట్టి నాలుగు హెడ్‌ఫోన్లకు పంచినా అదే మిక్స్. డ్రమ్మర్ కోసం క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) పెంచుతారు, అది పాడేవాళ్ల హెడ్‌ఫోన్లోంచి కారి మైకులో పడుతుంది, నెమ్మదైన చరణంలో స్పష్టంగా దొరికిపోతుంది. ఇద్దరికి వేర్వేరు మిక్స్‌లు కావాలంటే కనీసం నాలుగు అవుట్‌పుట్‌లు ఉండాలి. రెండు హెడ్‌ఫోన్ సాకెట్లు కనిపించగానే సరిపోతుందనుకోకండి, కొన్నిటిలో రెండోది మొదటిదానికి నకలే. కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుంటే చాలావాటిలో బ్లాక్ డయాగ్రమ్ (లోపల సిగ్నల్ వెళ్లే దారుల బొమ్మ) ఉంటుంది, రెండో హెడ్‌ఫోన్ గీత ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి వెనక్కి వెళ్లి చూడండి. అవుట్‌పుట్ 3-4 నుంచి వస్తుంటే మీ పని అవుతుంది, 1-2 నుంచే చీలుతుంటే అది స్ప్లిటర్‌తో సమానం.